బయోస్ చిప్‌కు క్లిప్పు పెట్టే ముందు: బ్రాండెడ్ సిస్టమ్, వారంటీ, జాబ్ షీట్

తిరుపతిలో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా "బయోస్ కెలికితే వారంటీ పోతుంది సార్" అనే అంటారు. యూట్యూబ్ చూసి వచ్చిన పిల్లలేమో "వారంటీ ఎక్కడికీ పోదన్నా, స్టిక్కర్ చింపినా కంపెనీ ఇచ్చి తీరాల్సిందే" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, కొంత లేదు. బయోస్ అంటే మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ప్రోగ్రామ్. ఇలా చిప్‌లో ఉండే ప్రోగ్రామ్‌నే ఫర్మ్‌వేర్ అంటారు. మనం బయోస్ అని ఒక్క మాటలో చుట్టేసేదాంట్లో చాలా పొరలున్నాయి. ఏ పొరను ముట్టుకున్నారు, దాన్ని మొదట ఉన్నట్టే తిరిగి పెట్టగలరా, చెడిపోయిన పార్టుకూ మీరు చేసిన మార్పుకూ సంబంధం ఉందా? సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర వాదనంతా ఈ మూడు ప్రశ్నల చుట్టే తిరుగుతుంది.

ముందు మీ సిస్టమ్ ఏ రకమో చూసుకోండి. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీ పెట్టెలో వచ్చినదైతే మెషీన్ మొత్తానికీ ఒకే వారంటీ, ఒకే సీరియల్ నంబరు. లోపలి ప్రాసెసర్ పోతే ఇంటెల్‌నో ఏఎండీనో అడగరు, ఆ బ్రాండ్‌నే అడగాలి. షాపులో పార్టులు ఎంచుకుని బిగించుకున్న అసెంబుల్డ్ సిస్టమ్ అయితే వారంటీ పార్టు పార్టుకూ వేరు. మదర్‌బోర్డులో బయోస్ మార్చిన పాపం పక్కనున్న ఎస్‌ఎస్‌డీకి అంటదు. ఈ రెండో రకంలో బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరూ రాయించుకోవాలి. "కంప్యూటర్ సెట్ – 1" అని రాసిచ్చిన బిల్లు పట్టుకుని చెన్నై సర్వీస్ సెంటర్‌కు పోతే మొదటి పది నిమిషాల్లోనే తిరుగు ప్రయాణం. ఇక్కడినుంచి నేను చెప్పేది ఎక్కువగా మొదటి రకం గురించి. చిక్కంతా అక్కడే ఉంది.

అన్నిటికన్నా పైపొర, మెషీన్ ఆన్ అవుతుండగా కీ నొక్కితే వచ్చే సెటప్ మెనూలో కంపెనీ మీకు కనపడనిచ్చిన సెట్టింగులు. బూట్ ఆర్డర్, సెక్యూర్ బూట్, ఫ్యాన్ మోడ్ లాంటివి మార్చినందుకు ఎవరూ ఏమీ అనరు. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో మాత్రం కాస్త వేరు. అవి ర్యామ్‌ను స్టాండర్డ్ వేగానికి మించి నడిపిస్తాయి కాబట్టి, వాటివల్ల కలిగిన నష్టం తమ వారంటీలోకి రాదని ప్రాసెసర్ కంపెనీలు షరతుల్లో రాసుకుంటాయి. అయితే ఆ సెట్టింగు ఆన్‌లో పెట్టే అమ్మిన గేమింగ్ సిస్టమ్‌లో ఆ షరతును మీమీదకు తోసేయడం కుదరదు. అమ్మినప్పుడు ఏ స్థితిలో ఉందో చూపడానికి సెటప్ స్క్రీన్లన్నీ మొదటిరోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని.

రెండో పొర కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న అధికారిక అప్‌డేట్. దీనికి భయపడి దూరంగా ఉండడమే ఇప్పుడు పెద్ద తప్పు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ సమస్య బయటపడ్డాక 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి నడకను సరిదిద్దే ప్యాచ్‌లు) విడుదలయ్యాయి. అవి మీ సిస్టమ్‌కు చేరేది బయోస్ అప్‌డేట్ ద్వారానే. చేయకుండా వదిలేస్తే ప్రాసెసర్ మెల్లగా పాడవుతూ పోవచ్చు. ఆ ప్రాసెసర్ల వారంటీని ఇంటెల్ రెండేళ్లు పొడిగించింది. బ్రాండెడ్ సిస్టమ్‌లో ఉన్నదానికి మాత్రం అమ్మిన కంపెనీ దగ్గరికే వెళ్లాలి.

బీటా బయోస్ (పరీక్ష దశలోనే బయటపెట్టిన వెర్షన్) సంగతి చెప్పాలంటే 2023లో జరిగినదాన్ని గుర్తుచేసుకోవాలి. ఏఎండీ ప్రాసెసర్లు పట్టే ఏఎం5 రకం బోర్డుల మీద కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాయి. ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందేదాన్ని) 1.3 వోల్టులకు కట్టడి చేసింది. దాన్ని అమలుచేసే బయోస్‌లు బోర్డుల కంపెనీ ఆసుస్ నుంచి బీటాలుగా వచ్చాయి, ఆ పేజీలోనేమో బీటా వాడితే వారంటీకి ఇబ్బంది అన్న అర్థంలో హెచ్చరిక ఉంది. జనం గట్టిగా అడిగాక, బీటా అయినా, ఎక్స్‌పో పెట్టినా వారంటీ ఉంటుందని ఆ మే నెలలోనే ఆసుస్ ప్రకటించింది. కంపెనీ తన పేజీలో పెట్టిన ఫైలును దాని పద్ధతిలోనే ఎక్కిస్తుండగా బోర్డు పోతే వెనక్కి తగ్గకుండా వారంటీ కిందే అడగండి. మోడల్ పేరు, ఫైలు పేరు, వెర్షన్, డౌన్‌లోడ్ చేసిన పేజీ స్క్రీన్‌షాట్ ఉంటే చాలు.

అధికారిక అప్‌డేట్‌లో కూడా మెషీన్లు పోవడానికి మన ఊళ్లో మొదటి కారణం కరెంటు. రాసేటప్పుడు సరఫరా ఆగితే చిప్‌లో సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. యూపీఎస్ ఉందిగా అని ధీమా వద్దు. మూడేళ్ల బ్యాటరీ ఉన్న 600 వీఏ యూపీఎస్ ప్లగ్ పీకగానే చేతులెత్తేయొచ్చు. అప్‌డేట్‌కు ముందు సిస్టమ్ నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపి ఐదు నిమిషాలు నిలుస్తుందో లేదో చూడండి. రెండో కారణం ఓపిక లేకపోవడం. విండోస్ అప్‌డేట్ కూడా ఇప్పుడు ఫర్మ్‌వేర్‌ను మోసుకొస్తుంది. రీస్టార్ట్‌లో స్క్రీన్ నల్లగా ఉంటే హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టేవాళ్లున్నారు. డీడీఆర్5 మెషీన్లలో అప్‌డేట్ తర్వాత మెమరీ ట్రైనింగ్ కోసం కొన్ని నిమిషాలు ఏమీ కనపడకుండా ఉండడం మామూలే.

మూడో అడ్డంకి బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం. విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఇన్‌స్టాల్ చేసినచోట్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతోంది. ఫర్మ్‌వేర్ మారితే టీపీఎం (ఆ తాళం కీలు దాచే భద్రతా చిప్) కొలతలు మారతాయి, వెంటనే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే అకౌంట్‌లోంచి ఆ కీ కాగితం మీద రాసుకుని, కంట్రోల్ ప్యానెల్లో సస్పెండ్ ప్రొటెక్షన్ నొక్కి, ఆ తర్వాతే అప్‌డేట్‌కు పోవాలి. ఏఎండీ బోర్డులు కొన్ని అప్‌డేట్ అయ్యాక ఎఫ్‌టీపీఎంను (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎంను) రీసెట్ చేయాలా అని వై, ఎన్ అడుగుతాయి. బిట్‌లాకర్ ఉంటే ఎన్ నొక్కండి.

అప్‌డేట్ మధ్యలో చచ్చిన బ్రాండెడ్ మెషీన్‌ను చిప్ లెవల్ షాపుకు (బోర్డు మీది చిప్‌లనే బాగుచేసేచోటికి) తీసుకుపోయేముందు దాంట్లోనే ఉన్న రికవరీ దారిని వాడాలి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ కీలు పట్టుకుని పవర్ ఇస్తారు. హెచ్‌పీలో విండోస్, బీ కీలు పట్టుకుని పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కుతారు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఆ మోడల్ రికవరీ ఫైలు సిద్ధంగా ఉండాలి. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో ష్యూర్ స్టార్ట్ అనే విడి కంట్రోలర్ ఉంటుంది. ఫర్మ్‌వేర్ చెడినట్టు కనిపెడితే దాచిన కాపీతో అదే సరిచేసుకుంటుంది. మీరు కావాలని మార్చినా దాని లెక్కలో చెడినట్టే, తిరిగి పాతదే ఎక్కించేస్తుంది. పైగా ఆ సంగతి లాగ్‌లో రాసిపెడుతుంది కూడా.

వెనక్కి, అంటే పాత వెర్షన్‌కు పోవడం మూడో పొర. డెల్‌లో డౌన్‌గ్రేడ్‌కు అనుమతిచ్చే ఆప్షన్ సెటప్‌లోనే ఉంటుంది. లెనోవోలో సెక్యూర్ రోల్‌బ్యాక్ ప్రివెన్షన్ ఆన్‌లో ఉంటే కుదరదు. దీనికోసం ఎక్కువగా అడిగేది అండర్‌వోల్టింగ్ (వేడి తగ్గాలని ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించడం) చేసేవాళ్లు. 2019 డిసెంబరులో ఆ వోల్టేజీ మార్చే దారినే వాడుకునే ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక కంపెనీలు బయోస్ అప్‌డేట్‌తో ఆ తలుపు మూసేశాయి. ఎండాకాలం 42 డిగ్రీలు దాటే ఊళ్లో ల్యాప్‌టాప్ చల్లబరచాలనే ఆశ న్యాయమైనదే. కానీ భద్రతా ప్యాచ్‌లు వదులుకుని పాత బయోస్‌కు పోయేకన్నా హీట్‌సింక్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతానికి పెట్టి చూడండి. టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది.

నాలుగోది దొంగదారి లాంటిది. మెనూలో దాచిన సెట్టింగులు ఎన్‌వీ ర్యామ్‌లో (బయోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) సెటప్ అనే వేరియబుల్‌లో ఉంటాయి. బయోస్ ఫైలును యూఈఎఫ్ఐటూల్‌తో విప్పి, ఐఎఫ్ఆర్ ఎక్స్‌ట్రాక్టర్‌తో ఏ సెట్టింగు ఏ ఆఫ్‌సెట్‌లో (ఎన్నో బైటులో) ఉందో చూసి, ఇందుకోసం మార్చిన గ్రబ్ అనే బూట్‌లోడర్ షెల్ నుంచి ఆ ఒక్క బైటు మారుస్తారు. ఫర్మ్‌వేర్ కోడ్ మారదు, దాని మీది కంపెనీ డిజిటల్ సంతకం చెడదు. అందుకే ఇది భద్రమైన పద్ధతి అనే పేరొచ్చింది. నాకు ఆ పేరు మీద నమ్మకం తక్కువ. అదే మోడల్‌లో వెర్షన్ ఒక్కటి మారినా ఆఫ్‌సెట్ జరగొచ్చు. ఎవరో పోస్ట్ చేసిన నంబరు చూసి రాస్తే సీఎఫ్‌జీ లాక్ (ప్రాసెసర్ పవర్ సెట్టింగుల తాళం) అనుకున్నది ఇంకేదో అయి కూర్చుంటుంది. బటన్ సెల్ పీకితే సరిపోతుందిలే అనుకోకండి. ఆ వేరియబుల్ ఫ్లాష్ చిప్‌లోనే ఉంటుంది కాబట్టి చాలా మెషీన్లలో సెల్ తీసినా చెరగదు.

ఇక ఐదో పొర, ఫర్మ్‌వేర్ ఇమేజినే మార్చడం. ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్తరకం ఎస్‌ఎస్‌డీ) డ్రైవరు చేర్చడం, గ్రాఫిక్స్ కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్‌కు అందించే రీసైజబుల్ బార్ కలపడం, పాత థింక్‌ప్యాడ్‌లలో వైఫై కార్డు మార్చితే 1802 ఎర్రర్ ఇచ్చే వైట్‌లిస్ట్ (అనుమతించిన కార్డుల జాబితా) తీసేయడం, లోగో మార్చడం, లేదా మొత్తం తీసేసి కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ పెట్టడం ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కొన్ని చిప్ ముట్టకుండానే జరుగుతాయి. పాత డెస్క్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావాలంటే ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో క్లోవర్ బూట్‌లోడర్ పెట్టి, దాంట్లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ చేర్చితే పని అయిపోతుంది. పెన్‌డ్రైవ్ మెషీన్ వెనకాలే శాశ్వతంగా ఉండిపోతుంది, అంతే. లోగో మోజుకైతే నేను ఒప్పుకోను. బయోస్‌లో బొమ్మలు చదివే కోడ్ ఎంత బలహీనంగా ఉందో 2023 డిసెంబరులో బయటపడ్డ లోగోఫెయిల్ అనే లోపం చూపించింది.

ఐదో పొరకు దిగేవాళ్లు వారంటీకన్నా ముందు అడగాల్సింది మెషీన్ అసలు ఒప్పుకుంటుందా అని. ఇంటెల్ 4వ తరం నుంచి, అంటే 2013 నుంచి, బూట్ గార్డ్ వచ్చింది. ఫ్యాక్టరీలో కంపెనీ తన సంతకపు కీ హ్యాష్‌ను (ఆ కీకి వేలిముద్ర లాంటిదాన్ని) చిప్‌సెట్ ఫ్యూజుల్లో కాల్చేస్తుంది. బయోస్‌లో మొదట నడిచే భాగం ఆ సంతకంతో సరిపోకపోతే మెషీన్ వెలిగి ఆరిపోతుంది, లేదా అసలు వెలగదు. ఆ ఫ్యూజు వెనక్కి రాదు. బ్రాండెడ్ బిజినెస్ మోడళ్లలో ఇది సాధారణంగా ఆన్‌లో ఉంటుంది. విడిగా అమ్మే గేమింగ్ బోర్డుల్లో తక్కువ. యూఈఎఫ్ఐటూల్ కొత్త వెర్షన్‌లో మీ డంప్ (చిప్‌లో ఉన్నదంతా చదివి తీసిన కాపీ) తెరిస్తే బూట్ గార్డ్ కాపలా ఉన్న భాగాలకు రంగు వేసి చూపిస్తుంది. మీరు మార్చాలనుకున్న మాడ్యూల్ ఆ రంగులో ఉంటే అక్కడితో ఆపేయండి.

ఏఎండీలో ఇదే పనికి ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ ఉంది. అందులో ఫ్యూజు ప్రాసెసర్‌లోనే ఉంటుంది. లెనోవో డెస్క్‌టాప్‌లలో కొన్నిటి రైజెన్ ప్రో ప్రాసెసర్లు అలా ఆ కంపెనీ బోర్డులకే లాక్ అయినవే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడి రైజెన్ ప్రో చవగ్గా దొరికితే, వేరే కంపెనీ బోర్డు మీద బూట్ అవుతుందో లేదో అక్కడే చూపించమనండి.

ఇప్పుడు డంప్. నన్నడిగితే ఈ వ్యవహారంలో మిగతావన్నీ తప్పినా దీన్నొక్కటి తప్పకూడదు. మీ మెషీన్ చిప్‌లో కంపెనీ వెబ్‌సైట్లో దొరకనివి కొన్ని ఉంటాయి. సీరియల్ నంబరు, యూయూఐడీ (మెషీన్ గుర్తింపు సంఖ్య), లాన్ కార్డు మ్యాక్ అడ్రస్, ఇంటెల్ మెషీన్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ (ఎంఈ) అనే లోపలి కంట్రోలర్ సెట్టింగులు, విండోస్ 8 కాలం నుంచి వస్తున్న ఎంఎస్‌డీఎం టేబుల్‌లోని విండోస్ కీ. ఇవి పోతే మళ్లీ పుట్టవు. సైట్‌లో దొరికే అప్‌డేట్ ఫైలు చిప్ మొత్తానికి నకలు కాదు. దానికి ముందు హెడర్ ఉంటుంది, చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో, దేన్ని ఎవరు ముట్టుకోవచ్చో చెప్పే డిస్క్రిప్టర్ భాగం తరచూ ఉండదు. దాన్ని ప్రోగ్రామర్‌తో (చిప్‌ను నేరుగా చదివి రాసే చిన్న పరికరంతో) సూటిగా చిప్‌కు ఎక్కిస్తే మెషీన్ లేవదు.

విండోస్‌లోంచి సాఫ్ట్‌వేర్‌తో తీసిన బ్యాకప్ చాలదు, ఎందుకంటే డిస్క్రిప్టర్ లాక్ ఉంటే ఎంఈ భాగం చదవనివ్వదు. ప్రోగ్రామర్ కావాలి. సీహెచ్341ఏ అనే ప్రోగ్రామర్, చిప్ కాళ్లను పట్టుకునే క్లిప్పుతో కలిపి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. నల్లరంగు సీహెచ్341ఏల్లో ఒక తెలిసిన లోపముంది. చిప్‌కు 3.3 వోల్టుల సరఫరా ఇచ్చినా డేటా లైన్లు 5 వోల్టులకు లేస్తాయి. మల్టీమీటర్‌తో కొలిచి చూడండి, 5 వస్తే దాన్ని సరిచేయించుకోండి లేదా వేరేది తీసుకోండి.

చిప్ సాధారణంగా చిప్‌సెట్ దగ్గర ఉంటుంది, ఎనిమిది కాళ్లు. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి పేరు చదవండి. 25క్యూ64 అంటే 8 ఎంబీ, 25క్యూ128 అంటే 16 ఎంబీ. పేరులోని అక్షరాలే వోల్టేజీ చెబుతాయి. విన్‌బాండ్‌లో చివర జేవీ, ఎఫ్‌వీ అంటే 3.3 వోల్టులు, జేడబ్ల్యూ, ఎఫ్‌డబ్ల్యూ అంటే 1.8. మ్యాక్రోనిక్స్‌లో ఎంఎక్స్25ఎల్ అయితే 3.3, ఎంఎక్స్25యూ అయితే 1.8. గిగాడివైస్‌లో 25క్యూ, 25ఎల్‌క్యూ అదే తేడా. 1.8 వోల్టుల చిప్‌కు అడాప్టర్ లేకుండా క్లిప్పు పెడితే చదవడం అటుంచి చిప్పే పోవచ్చు. కాళ్లు బయటికి రాని డబ్ల్యూసన్ ప్యాకేజీ అయితే క్లిప్పు పట్టదు, హాట్ ఎయిర్‌తో తీయాల్సిందే. వారంటీ ఉన్న మెషీన్‌లో ఆ పని మొదలుపెట్టకండి. ఫ్లక్స్ మరక, మళ్లీ వేసిన టంకం మెరుపు సర్వీస్ ఇంజినీరు కంటికి ఇట్టే తెలిసిపోతాయి.

పవర్ కార్డు పీకి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్టర్ కూడా విడదీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, సీఆర్2032 సెల్ తీసేయండి. రిబ్బన్‌లో ఎర్ర తీగ చిప్ మీద చుక్క ఉన్న కాలి వైపు రావాలి. ముందు క్లిప్పు బిగించి, చివర్లో యూఎస్‌బీ గుచ్చండి. లైనక్స్‌లో ఫ్లాష్‌రోమ్ అనే ప్రోగ్రామ్‌కు చిప్ పేరు చెప్పి మూడుసార్లు చదివించి, మూడు ఫైళ్ల షా256 హ్యాష్‌లు పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ డంప్ పనికిరాదు. తేడా ఎందుకొస్తుందంటే, మీరు చిప్‌కు ఇచ్చే కరెంటు అదే లైన్ మీద ఉన్న బోర్డులోని మిగతా భాగాలకూ పారుతుంది, వోల్టేజీ కుంగుతుంది. క్లిప్పు తీసి మళ్లీ పెట్టండి, తీగలు పొట్టిగా ఉంచండి, యూఎస్‌బీ హబ్‌లో కాకుండా వెనక పోర్టులో గుచ్చండి. మూడూ సరిపోయాయని సంబరపడొద్దు. మొత్తం ఎఫ్ఎఫ్‌లతో నిండిన, అంటే ఖాళీ ఫైళ్లు కూడా మూడూ ఒకేలా ఉంటాయి. 16 ఎంబీ చిప్ ఫైలు కచ్చితంగా 1,67,77,216 బైట్లుండాలి, యూఈఎఫ్ఐటూల్‌లో తెరుచుకోవాలి, హెక్స్ ఎడిటర్‌లో వెతికితే మీ సీరియల్ నంబరు కనపడితే ఇంకా మంచిది. ఆ ఫైలు ఆ మెషీన్‌లో కాకుండా వేరే రెండు చోట్ల పెట్టండి.

చిప్ లెవల్ షాపులవాళ్లకు చేతిపని బాగా వచ్చు, అందులో సందేహం లేదు. టీవీ బోర్డులకు వాడే ఆర్‌టీ809 ప్రోగ్రామరే వాళ్ల దగ్గర ల్యాప్‌టాప్‌లకూ పనిచేస్తుంది. గొడవ ఎక్కడంటే, చచ్చిన మెషీన్‌కు ఇంటర్నెట్‌లో దొరికిన మరొకరి బిన్ ఫైలు (వాళ్ల మెషీన్ డంప్) ఎక్కించి "అయిపోయింది అన్నా" అని ఇచ్చేస్తారు. మెషీన్ లేస్తుంది. తర్వాత ఒక్కొక్కటీ బయటపడతాయి. సెటప్‌లో సీరియల్ నంబరు వేరొకరిది లేదా ఖాళీ. విండోస్ యాక్టివేషన్ పోయింది. లాన్ మ్యాక్ అడ్రస్ 88:88:88:88:87:88 అని చూపిస్తోంది. ఇక సరిగ్గా 30 నిమిషాలకు మెషీన్ దానంతటదే ఆగిపోతోందంటే ఎంఈ భాగం చెడిందని అర్థం. వేడివల్ల అనుకుని ఫ్యాన్ మార్చించేవాళ్లు ఉన్నారు, ఆ డబ్బులు దండగ. షాపులో ఇచ్చేముందు అడగాల్సింది ఒకటే. "అన్నా, రాసే ముందు ఇప్పుడున్నది చదివి నా పెన్‌డ్రైవ్‌లో వెయ్యి." చెడిపోయిన చిప్‌లో కూడా సీరియల్, మ్యాక్ ఉన్న భాగాలు బాగానే ఉండొచ్చు. కొత్త ఇమేజిలోకి వాటిని తీసుకెళ్లొచ్చు.

వారంటీ కౌంటర్ దగ్గర మార్పు ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. ఇంజినీరు హెక్స్ ఫైలు చూడడు. మెషీన్ వెనక స్టిక్కర్ మీది నంబరుకూ సెటప్‌లోని నంబరుకూ తేడా చూస్తాడు. బయోస్ వెర్షన్ తమ జాబితాలో ఉందా చూస్తాడు. క్యాబినెట్ తెరిచిన లాగ్, స్క్రూల గీతలు, చిప్ కాళ్ల మీద క్లిప్పు ముద్ర, లాగ్‌లో ష్యూర్ స్టార్ట్ రాసిన మాట చూస్తాడు. నంబర్ల తేడా ఒక్కటి చాలు, "ఇది మా బోర్డు కాదు" అనేయడానికి. క్యాబినెట్ తెరవడం మాత్రం నేరమేమీ కాదు. చాలా బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేసుకోవడాన్ని వాళ్ల మాన్యువల్లే నేర్పిస్తుంది.

అసలు ఫర్మ్‌వేర్ తిరిగి ఎక్కించి సర్వీస్‌కు ఇవ్వడం మోసమా? నా లెక్క ఇది. హార్డ్ డిస్క్ పోయింది, ఎస్‌ఎంపీఎస్ పోయింది, డిస్‌ప్లేలో గీత వచ్చింది. వీటికీ మీ మార్పుకూ సంబంధం లేదు, మెషీన్‌ను అమ్మిన స్థితికి తెచ్చి ఇవ్వడంలో తప్పులేదు. వోల్టేజీ పెంచి ప్రాసెసర్ కాల్చేసి, పాత డంప్ ఎక్కించి "దానంతటదే పోయింది" అంటే అది అబద్ధమే. పట్టుబడితే ఆ సీరియల్ నంబరు మీద తర్వాత ఏ కాల్ పెట్టినా అనుమానంగానే చూస్తారు.

మెషీన్ ఇచ్చేటప్పుడు రాసే జాబ్ షీట్‌ను చదవకుండా సంతకం పెట్టొద్దు. అందులో సీఐడీ అని రాస్తే కస్టమర్ వల్ల జరిగిన డ్యామేజీ అని అర్థం, ఆ మూడక్షరాలతో వారంటీ ముగిసినట్టే. ఏ భాగంలో ఏ డ్యామేజీ కనిపించింది, దానికి కారణం ఫర్మ్‌వేరేనని ఎలా తేల్చారు అన్నది రాతపూర్వకంగా అడగండి. కౌంటర్‌లో ఎంత వాదించినా ఈమెయిల్‌లో ఒక్క వాక్యం చేసేంత పని చేయదు. ఎస్‌ఎస్‌డీ పోయినందుకు బయోస్‌ను సాకుగా చూపితే ఆ ఈమెయిల్ జవాబులోనే వాళ్ల వాదన ఎంత పలచనో బయటపడుతుంది.

యూట్యూబ్‌లో వినిపించే "స్టిక్కర్ చట్టం" అమెరికాది. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం, దాని ఆధారంగా అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ, స్టిక్కర్ చింపితే వారంటీ పోతుందన్న లాంటి షరతుల మీద 2018లో ఆరు కంపెనీలకు పంపిన హెచ్చరికలు. తిరుపతి కౌంటర్ దగ్గర దాన్ని చూపిస్తే నవ్వుతారు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జులైలో. దాంట్లో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి, అడ్డొచ్చేవీ ఉన్నాయి. సెక్షన్ 34 ప్రకారం మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న బెంగళూరుకు పోనక్కర్లేదు. సెక్షన్ 38 కింద లోపం పరీక్షలోనే తేలుతుందనుకుంటే వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపించొచ్చు. అప్పుడు మీ డంప్, హ్యాష్‌లు, తేదీలున్న ఫొటోలు మాట్లాడతాయి. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. అడ్డొచ్చేది సెక్షన్ 87. వస్తువువల్ల హాని జరిగిందని ఉత్పత్తి బాధ్యత కింద అమ్మినవాళ్ల మీదకు పోతే, ఆ సమయానికి వస్తువును మార్చి ఉన్నారని తేలితే ఆ దావా నిలవదు. ముందు కంపెనీకి లిఖితపూర్వక ఫిర్యాదు, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు. ఈ వరుసలో పోతే చాలా గొడవలు మధ్యలోనే తెగుతాయి.

వీటన్నిటి తర్వాత కూడా చెయ్యి దురద తీరకపోతే వారంటీ ఎప్పుడో ముగిసిన రీఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్ ఒకటి కొనుక్కోండి. డెల్ ఆప్టిప్లెక్స్ 7010, 9010, 9020, హెచ్‌పీ 8300 ఎలైట్ లాంటివి కోర్‌బూట్, దాని మీదే కట్టిన లిబ్రేబూట్ మనుషులు బాగా తిరగేసినవి. కొనేటప్పుడు ప్రాసెసర్ తరం చూడండి. డెల్ 2023లో అదే 7010 పేరుతో 13వ తరం మోడల్ తెచ్చింది, మీకు కావాల్సింది 3వ తరం పాతది. ఈ పాత ఆప్టిప్లెక్స్‌లలో ఒకటి కాకుండా రెండు చిప్‌లుంటాయి, 8 ఎంబీ ఒకటి, 4 ఎంబీ ఒకటి. రెండూ చదివితేనే డంప్ పూర్తి.

వీటిలో క్లిప్పు కూడా అక్కర్లేదు. బోర్డు మీద సర్వీస్ మోడ్ అని రాసిన జంపర్ పిన్నులు కలిపి మెషీన్ ఆన్ చేస్తే డిస్క్రిప్టర్ లాక్ పక్కకు తప్పుకుంటుంది. హెచ్‌పీ బోర్డుల్లో అదే పనికి ఎఫ్‌డీఓ అని ఉంటుంది. తర్వాత లైనక్స్‌ను ఐఓమెమ్ రిలాక్స్డ్ పారామీటర్‌తో బూట్ చేసి ఫ్లాష్‌రోమ్‌ను ఇంటర్నల్ మోడ్‌లో నడిపితే మెషీన్ తన చిప్‌ను తానే చదువుతుంది, తానే రాస్తుంది. 9010 లాంటివాటిలో ఫ్యాన్లను నడిపే కంట్రోలర్‌కు విడిగా ఫర్మ్‌వేర్ బ్లాబ్ (మూలకోడ్ లేని రెడీమేడ్ ఫైలు) కావాలి. ఇమేజి తయారుచేసేటప్పుడు దాన్ని కలపడం మరిచిపోతే ఫ్యాన్ పూర్తి వేగంలో మోగుతూనే ఉంటుంది. రాయడం, వెరిఫై అవ్వడం, రెండుసార్లు సరిగ్గా బూట్ అవ్వడం అయ్యాక పవర్ కార్డు పీకి ఆ జంపర్ తీసేయండి. అలాగే వదిలేస్తే రూట్ (అడ్మిన్) అనుమతి దొరికిన ఏ ప్రోగ్రామైనా ఎంఈతో సహా చిప్‌లో ఎక్కడైనా రాయొచ్చు.